ఊరి పన్ను, ఊడ్చే చేతి జీతం

ఆదోనికి మున్సిపాలిటీ వచ్చింది 1865లో. మద్రాసు ప్రభుత్వం ఆ సంవత్సరమే పట్టణాల అభివృద్ధి చట్టం తెచ్చింది. అభివృద్ధి అనగానే మనకు రోడ్లు, దీపాలు, మంచినీళ్లు గుర్తుకొస్తాయి. ఆ చట్టం వెనకున్న తొందర వేరు. 1857 తిరుగుబాటు తర్వాత దొరల ఖజానా వట్టిపోయి ఉంది. పట్నాల్లో కాపలా కాసే పోలీసులకు జీతాలివ్వడం బరువైంది. ఆ ఖర్చులో పెద్ద వాటాను పట్నాల మీదికే నెట్టి, అందుకోసం ఊరివాళ్ల మీద పన్నులు వేసుకోమన్నారు. పోలీసుల లెక్క తేలాక మిగిలితే వీధులు ఊడ్పించుకోవచ్చు, దీపాలు పెట్టించుకోవచ్చు. అంటే మా ఊళ్లో స్థానిక పరిపాలన మొదలైందే జీతాల లెక్కతో.

నేను ఉద్యోగకాలం దాదాపు అంతా మున్సిపల్ ఆఫీసుల్లో, అకౌంట్స్ సెక్షన్‌లో గడిపినదాన్ని. మా నాయన ఆదోనిలో బిల్ కలెక్టర్. ఆయన ఇంటింటికీ తిరిగి పన్ను వసూలు చేశాడు. ఆయన పోయాక కారుణ్య నియామకం కింద చేరిన నేను జీతాల బిల్లులు రాశాను. కాబట్టి ఊరి పన్ను ఏ చేతి నుంచి వచ్చి ఏ చేతికి పోతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈ నూట అరవై ఏళ్ల కథలో నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. పన్ను మీద చర్చ ఎప్పుడూ కౌన్సిల్ హాల్లోనే నిలిచింది. ఊరు ఊడ్చే మనిషి జీతం మీద చర్చ మాత్రం మెల్లమెల్లగా ఆ హాలు గడప దాటి, జిల్లా దాటి, సచివాలయానికి వెళ్లిపోయింది. ఇప్పుడు పన్ను కట్టే మనిషికీ, జీతం తీసుకునే మనిషికీ మధ్య మాట్లాడుకునే చోటే లేదు.

1865కు ముందు ఇక్కడ పన్నులు లేక కాదు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి అప్పగించాడు. మన్రో దొర 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరు. ఆ కాలంలోనూ, ఆ తర్వాతా మగ్గం మీద, అంగడి మీద, చేతివృత్తుల మీద ముహతర్ఫా అనే పన్ను ఉండేది. బట్ట అమ్ముడైందా లేదా అని అడిగేవాళ్లు లేరు. ఇంట్లో మగ్గం ఉంటే పన్ను కట్టాల్సిందే. ఎమ్మిగనూరు లాంటి నేతపనివాళ్ల ఊళ్లలో అదెంత బరువో ఊహించుకోవచ్చు. 1860ల మొదట్లో ఆ పన్ను తీసేశారు. జనం ఊపిరి పీల్చుకున్న కొన్నేళ్లకే ఆదోనిలో మున్సిపాలిటీ పేరుతో వృత్తి పన్ను దిగింది. ఎవరి మీద ఎంత వేయాలో నిర్ణయించే కమిషనర్లను జనం ఎన్నుకోలేదు. అందరూ నియమితులే. పైన కూర్చునేది కలెక్టరు. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోది.

1871లో మరో చట్టం వచ్చింది. పోలీసుల ఖర్చు నుంచి మున్సిపాలిటీలకు విడుదల దొరికింది. బదులుగా బడులు, ఆసుపత్రులు, మశూచి టీకాలు, జనన మరణాల లెక్క అప్పగించారు. మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు మార్గం పూర్తయిందీ అదే కాలంలో. ఆదోని పత్తికి బొంబాయి దారి తెరుచుకుంది.

తర్వాత అయిదేళ్లకే 1876–78 కరువు. బళ్లారి జిల్లా ఆ కరువులో తిన్న దెబ్బ అంతా ఇంతా కాదు. జీతాల చరిత్ర రాసేవాళ్లు ఆ కరువును దాటి పోకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే కూలి ఎంతుండాలన్న వాదన ఈ ప్రాంతంలో అంత నగ్నంగా ఎప్పుడూ జరగలేదు. రోడ్లు వేసే పనుల్లో, చెరువుల మట్టి తీసే పనుల్లో జనం లక్షల్లో చేరారు. 1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా పర్యటనకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలి మరీ ఎక్కువగా ఉందని, మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లర చాలని తేల్చాడు. పౌనంటే అర కిలో కూడా లేదు. దాంతో ఒక మనిషి మట్టి తవ్వి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ లెక్కలు కట్టి ఎదురు వాదించాడు. ఆ ఏడాది వేసవికి కూలి పెంచారు. అప్పటికే ఎందరో పోయారు. పని చేసే ఊరికి ఎంతో దూరంలో కూర్చుని కూలి నిర్ణయిస్తే ఏమవుతుందో అప్పటి మా పడమటి తాలూకాలు చూశాయి.

1882 మే నెలలో రిపన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. దాని వెనకే 1884లో మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం వచ్చింది. కౌన్సిలర్లలో కొంతమందిని ఎన్నుకునే వీలు కలిగింది. ఓటు మాత్రం పన్ను కట్టేవాళ్లదే. 1901 జనాభా లెక్కల్లో ఆదోనిలో ఉన్నది 30,416 మంది. అందులో ఓటున్నవాళ్లు షరాఫ్ బజారులో దుకాణాలున్నవాళ్లు, పత్తి వ్యాపారులు, ఇనాందార్లు, వకీళ్లు. వీధి ఊడ్చేవాళ్లకు, దొడ్లు ఎత్తేవాళ్లకు సొంత ఇల్లే లేదు, ఇంటి పన్ను ఎక్కడిది, ఓటెక్కడిది? తమ జీతం తేల్చే సభను ఎన్నుకునే హక్కు వాళ్లకు రావడానికి దేశానికి స్వతంత్రం రావాల్సి వచ్చింది.

ఆ కౌన్సిళ్లు ఏ పనీ చేయలేదని నేననను. ఊరికి కావలసిన కట్టుబాట్లు చాలా వరకు అప్పుడు పుట్టినవే. ఎక్కడ మాంసం కొట్టాలి, ఎక్కడ తోళ్లు ఆరవేయాలి, బండ్లు ఎక్కడ విప్పాలి, బజారులో అరుగు ఎంత ముందుకు రావచ్చు – ఇవన్నీ బైలాల్లో రాసుకున్నారు. మున్సిపల్ ఆఫీసుల్లో ఈ రోజుకీ వినిపించే ‘డి అండ్ ఓ లైసెన్సు’ ఆ వరసలోదే. ప్రమాదకరమైన, ఇబ్బంది కలిగించే వ్యాపారాలకు తీసుకోవాల్సిన అనుమతి అది. పత్తి జిన్నింగులు, నూనె మిల్లులు నిండిన ఆదోనిలో ఆ లైసెన్సు చిన్న విషయం కాదు. పత్తి గోడౌనుకు నిప్పంటుకుంటే పేటకు పేట కాలిపోతుంది. బైలా చేయాలంటే ముసాయిదా ప్రకటించాలి, అభ్యంతరాలు పిలవాలి, కౌన్సిల్ ఆమోదించాలి, ఆపైన ప్రభుత్వం ఖాయం చేయాలి. చదువు రానివాళ్లకు చాటింపు వేయించేవాళ్లు. తప్పెట మోగితే మా అవ్వ గడపలోకి వచ్చి నిలబడేదట, ఈసారి దేని మీద పన్నో విందామని.

1920 చట్టంతో కౌన్సిళ్లకు బలం పెరిగింది. ఎన్నికైన అధ్యక్షుడి చేతిలోనే కార్యనిర్వాహక అధికారం ఉండేది. బిల్ కలెక్టరును పెట్టుకోవాలన్నా, తోటీని తీసేయాలన్నా ఆయన మాటే. దానివల్ల అన్యాయాలు జరగలేదా అంటే జరిగాయి. బంధువులకు పనులు, కులాన్ని బట్టి కొలువులు, ఎదురు తిరిగినవాడికి ఉద్వాసన. ఆ ఫిర్యాదులు పెరిగాకే 1930ల్లో మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీలకు కమిషనర్లను పంపడం మొదలుపెట్టింది. పాలన కొంత చక్కబడింది. కానీ జీతం ఊరి చేతి నుంచి జారడం అక్కడే మొదలైందని పాత ఫైళ్లు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. కౌన్సిల్ తీర్మానం రాస్తుంది, కమిషనర్ పైకి పంపుతాడు, పైనుంచి మంజూరు రావాలి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో చేరాయి. జిల్లా మారింది గానీ చట్టం మారలేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం వచ్చేదాకా మా నాయన పని 1920 నాటి మద్రాసు చట్టం మీదే నడిచింది. ఆ చట్టంలో ఆయనకు బాగా ఇష్టమైన నిబంధన ఒకటుండేది. పన్ను కట్టనివాళ్ల ఇంట్లో సామాను జప్తు చేయవచ్చు. అయితే ఒంటి మీది బట్టలు, పరుపులు, వంటపాత్రలు, చేతిపనివాళ్ల పనిముట్లు ముట్టుకోకూడదు. మగ్గమున్న ఇంటికి జప్తు వారంటుతో పోతే మగ్గాన్ని వదిలేయాల్సిందే. “మగ్గం జోలికి పోగూడదని సట్టంలోనే రాసినారమ్మా” అని ఇంట్లో కూడా చెప్పేవాడు. మగ్గం మీదే పన్ను వేసిన ముహతర్ఫా కాలం నుంచి మగ్గాన్ని ముట్టుకోరాదన్న కాలానికి వచ్చేసరికి వందేళ్లు పట్టింది. మున్సిపల్ చట్టాల్లో మనుషుల బాగు చూసిన వాక్యం ఏదంటే నేను ముందు దాన్నే చూపిస్తాను.

నాయన పన్ను రశీదు పుస్తకం ఆరు నెలలకోసారి మారేది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక అర్ధ సంవత్సరం, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. మార్చి నెలాఖరులో ఆయన ఇంటికి వచ్చేసరికి మేము నిద్రపోయేవాళ్లం. హవన్నపేట, కార్వాన్‌పేట సందుల్లో ఏ ఇంటివాళ్లు సుగ్గికి పోయారో, ఎప్పుడు తిరిగొస్తారో ఆయనకు తెలుసు. వానలు లేని ఏడు పడమటి పల్లెలు గుంటూరు మిరప చేలకు వలస పోతాయి, పట్నంలో అద్దెలకున్న కూలి కుటుంబాలూ పోతాయి. అలాంటి ఇంటి తలుపుకు డిమాండ్ నోటీసు అంటించి రావడానికి ఆయన ప్రాణం ఒప్పేది కాదు. అంటించేవాడు, ఉద్యోగం కాబట్టి.

నా పని మొదలయ్యేది ఆయన పని ముగిసిన చోట. జీతాల రోజు బయట పారిశుద్ధ్య కార్మికులు బారులు తీరేవాళ్లు. బల్ల మీద అక్విటెన్స్ రోల్ పరిచేవాళ్లం. అది పొడుగాటి కాగితం. పేరు, హోదా, మొత్తం జీతం, కోతలు, చేతికిచ్చేది, చివరి గడిలో సంతకం. కోతల గడిలో పండగ అడ్వాన్సు, సొసైటీ అప్పు, కొందరికి కోర్టు అటాచ్‌మెంటు. చివరి గడిలో రెవెన్యూ స్టాంపు. స్టాంపు మీద సగం, కాగితం మీద సగం పడేటట్టు బొటనవేలి ముద్ర వేయించాలి. పక్కన శానిటరీ మేస్త్రీ నిలబడి ఈమె ఫలానా అని చెప్పేవాడు. వేలిముద్ర సరిగా పడేది కాదు. మోరీల్లో సున్నం, బ్లీచింగ్ చల్లి చల్లి వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉండేవి. ప్యాడు మీద గట్టిగా అదిమి కాగితం మీద పెడితే నీలం మచ్చ పడేది తప్ప గీతలు కనిపించేవి కావు. ఆడిట్‌వాళ్లు వచ్చి ఇది ముద్రేనా అని అడిగేవాళ్లు. ఆ చేతులు చూపించాల్సి వచ్చేది.

కౌన్సిల్ సమావేశం నెలకోసారి. నాలుగు రోజుల ముందు ఎజెండా కాగితాలు కౌన్సిలర్ల ఇళ్లకు పోయేవి. ఒక్కో అంశం కింద ఆఫీసు నోటు. ఆ నోటు రాయడం ఒక విద్య. డబ్బు ఎక్కడి నుంచి, ఏ పద్దు కింద, ముందు ఎవరు ఆమోదించారు, చట్టం ఏమంటుంది – ఇవన్నీ నాలుగు వాక్యాల్లో ఇమడాలి. దినవారీ మార్కెట్ గుత్త వేలం, దుకాణ గదుల అద్దె, వీధి దీపాల సామాను టెండరు, బోరు మోటారు మరమ్మతు. ఎండాకాలమైతే తుంగభద్ర దిగువ కాలువలో నీళ్లు ఎన్ని రోజులు వస్తాయి, బసాపురం సమ్మర్ స్టోరేజీ ఎంత నిండింది అన్నదే సగం పూట తినేది. నీళ్ల మీద కౌన్సిలర్లు ఎంత గట్టిగా అరిచినా నాకు తప్పనిపించలేదు. ట్యాంకరు కోసం అర్ధరాత్రి బిందెలు వరసపెట్టే వార్డు నుంచి వచ్చినవాళ్లు మెత్తగా మాట్లాడలేరు.

జీతాల అంశాలు ఎజెండాలో ఆఖరున ఉండేవి. నేను పనిచేసిన ఒక ఊళ్లో అవి వచ్చేసరికి టీ అయిపోయి సగం కుర్చీలు ఖాళీ అయ్యేవి. ‘కమిషనర్ గారి నోటు చదవడమైనది, ఆమోదించడమైనది’ అని తీర్మానాల పుస్తకంలో ఒక్క వరసే పడేది. కానీ ఆ ఒక్క వరసకు విలువ ఉండేది. జాతర ముందో, వాంతులు విరేచనాలు ప్రబలినప్పుడో అదనంగా ఎన్‌ఎంఆర్ కూలీలను, అంటే మస్టర్ రోల్ మీద దినకూలీలను పెట్టుకోవాలంటే కౌన్సిల్ ఆమోదం కావాలి. రోజుకూలి రేటు జిల్లా కలెక్టరు ఖరారు చేసేది. ఎంతమంది, ఎన్నాళ్లు అన్నది ఊరు తేల్చేది. ఒకసారి ఒక మహిళా కౌన్సిలర్ లేచి, ఎన్‌ఎంఆర్‌లకు రెండు నెలలుగా కూలి ఎందుకు పడలేదని అడిగింది. సాధారణ నిధిలో డబ్బు లేదని జవాబు. “దీపాల టెండరుకు డబ్బు యాడనుంచి వచ్చె? నా వార్డులో ఊడ్చే మనిషికి యాడికి పోయె?” అంది. మరుసటి వారమే కూలి పడింది. కార్మికురాలు తన ఇంటి ఎదురుగా ఉండే కౌన్సిలర్‌ను నిలదీసింది, ఆ కౌన్సిలర్ హాల్లో నిలదీసింది. ఆ దారి అప్పటికింకా తెరిచే ఉంది.

1994లో అది మూసుకుపోవడం మొదలైంది. ఆ సంవత్సరం రాష్ట్రంలో రెండో నంబరు చట్టం వచ్చింది. దినకూలీ నియామకాలను నిషేధించిన చట్టం. ఏప్రిల్ 22న 212 నంబరు జీవో వెలువడింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు పూర్తయినవాళ్లను రెగ్యులర్ చేయవచ్చని దాని సారాంశం. ఆ రోజుల్లో ఆఫీసుల్లో పాత మస్టర్ రోల్స్ కోసం బీరువాలు బోర్లించాం. తేదీ ఇటు ఉంటే జీవితాంతం ఉద్యోగం, అటు ఉంటే ఏమీ లేదు. ఒకే వీధిని పక్కపక్కన ఊడ్చిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు పర్మనెంట్ అయ్యారు, ఇంకొకరు కాలేదు. తర్వాత పర్మనెంట్ పోస్టులు ఖాళీ అయితే నింపలేదు. చెత్త పనులను మహిళా సంఘాలకు, ఆ తర్వాత కాంట్రాక్టర్లకు అప్పగించారు. పట్టణం పెరిగింది, పర్మనెంట్ కార్మికులు తగ్గారు. మిగిలిన పర్మనెంట్‌వాళ్లకు పీఆర్సీ వస్తే, కాంట్రాక్టు వాళ్లకు టెండరులో రాసిన రేటు. కాంట్రాక్టరు పీఎఫ్ కట్టాడో లేదో కార్మికులకు తెలిసేది కాదు, కౌన్సిల్ అడిగినా కాగితం చూపించేవాళ్లు తక్కువ.

నిజానికి ఆ ఒక్క తేదీ ఒకే పని చేసే మనుషులను రెండు కులాలుగా చీల్చింది. వాళ్లలో చాలామంది అంతకుముందే కులం పేరుతో ఆ పనిలోకి నెట్టబడ్డవాళ్లు. దొడ్లు చేత్తో ఎత్తించడాన్ని నిషేధిస్తూ దేశంలో మొదటి చట్టం 1993లో వచ్చింది, మరింత గట్టి చట్టం 2013లో వచ్చింది. ఆ రెండో చట్టం వెనక బెజవాడ విల్సన్, ఆయనకు అండగా నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటివాళ్ల ఏళ్ల పోరాటం ఉంది. ఆ చట్టాలను అమలు చేయాల్సింది మున్సిపాలిటీలే. దొడ్లు కూలగొట్టడం తేలికే. ఆ పని మానేసినవాళ్లకు గౌరవమైన జీతంతో వేరే పని చూపడం దగ్గరే ఊళ్లు వెనకడుగు వేశాయి.

2015 జులైలో మున్సిపల్ కార్మికులు రాష్ట్రమంతా సమ్మెకు దిగారు. జీతం 11,000కు పెరిగింది. 2016 అక్టోబరు 26న సుప్రీంకోర్టు, జగ్జీత్ సింగ్ కేసులో, తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని చెప్పింది. 2019లో ఆక్యుపేషనల్ హెల్త్ అలవెన్సు 6,000తో కలిపి 18,000 అయింది. 2020 జులై 3న ఆప్కాస్ మొదలైంది. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులందరినీ ఒకే కార్పొరేషన్ కిందికి తెచ్చారు. మధ్యలో కాంట్రాక్టరు తీసుకునే కమీషన్ పోయింది, జీతం నేరుగా బ్యాంకు ఖాతాలో పడింది. కోవిడ్ మొదటి ఏడాది అది. కర్నూలు జిల్లా కేసుల్లో ముందు వరసలో ఉన్న రోజులు. బజార్లు మూసి ఉంటే వీధుల్లో తిరిగింది ఈ కార్మికులూ, పోలీసులూ, ఆశా కార్యకర్తలే. కాంట్రాక్టరు చేతుల్లోంచి వాళ్లు బయటపడినందుకు నేను సంతోషించాను, ఇప్పటికీ ఆ మార్పును తప్పుపట్టను. అయితే జీతం ఎవరు తేలుస్తున్నారన్న ప్రశ్న మాత్రం మరింత పైకి పోయింది. నెల జీతం ఆలస్యమైతే వార్డు కౌన్సిలర్‌కు తెలియదు, కమిషనర్ చేతిలో లేదు.

అదే కాలంలో పన్నులు మాత్రం ఊరికి దగ్గరయ్యాయి. 2020 నవంబరులో చట్టం సవరించి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద లెక్కించమన్నారు. 2021 మార్చి ఎన్నికల్లో గెలిచి వచ్చిన కౌన్సిళ్ల ముందుకు మొదట వచ్చిన పెద్ద అంశాల్లో అదొకటి. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలై, ఇంటింటి నుంచి చెత్త సేకరణకు నెలకు 30 నుంచి 120 రూపాయల దాకా రుసుము పెట్టారు. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు. గొడవలయ్యాయి. కట్టనివాళ్ల దుకాణాల ముందు చెత్త పోసిన ఊళ్లూ ఉన్నాయి. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్ను రద్దు చేస్తున్నామని ప్రకటించారు. దొడ్లు శుభ్రం చేయించినందుకు ఇళ్ల దగ్గర రుసుము తీసుకోవడం మద్రాసు కాలం నుంచీ ఉన్నదే. అప్పుడూ, చెత్త పన్ను రోజుల్లోనూ ఆ రుసుము పేరు చెప్పి అడిగింది వీధిలోకి వచ్చిన కార్మికులనే. వాళ్ల జీతానికీ ఆ రుసుముకూ సంబంధం ఏమిటో ఎవరూ చెప్పలేదు.

2023 డిసెంబరు 26న మళ్లీ సమ్మె. సంక్రాంతి ముందు దాకా సాగింది. ఆ రోజుల్లో నేను మా వీధి మలుపులో నాకు తెలిసిన కార్మికురాలిని పలకరించాను. ఒకప్పుడు నా బల్ల ముందు ముద్ర వేసినామె కోడలు.

“అక్కా, మా జీతం ఎవురు రాస్తారు ఇప్పుడు?” అని అడిగింది.

“పైన రాస్తారమ్మా, విజయవాడలో.”

“మా అత్త మీ దగ్గరికొచ్చి అడుగుతాండె. మేం ఎవురి దగ్గరికి పోవల్ల?”

నాకు జవాబు తట్టలేదు. ఆఫీసు గేటు దగ్గర ధర్నా చేస్తున్నవాళ్ల ముందుకు కౌన్సిలర్లు వచ్చి మద్దతు చెప్పి వెళ్లేవాళ్లు. సంతకం పెట్టే అధికారం వాళ్లకూ లేదు. సమ్మె విరమణ చర్చలు రాష్ట్ర స్థాయిలోనే జరిగాయి. 15,000, దాని మీద 6,000 అలవెన్సు కలిపి ఇస్తున్న 21,000 మీదే వాదన నడిచింది.

జీతం తేల్చేవాళ్లు కళ్లెదుటే ఉన్న ఊరి సంగతి ఒకటి చెబుతాను. అమెరికాలో మెంఫిస్ నగరంలో 1968 ఫిబ్రవరి 1న చెత్త లారీలో నలిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. 12వ తేదీన 1,300 మంది నల్లజాతి కార్మికులు సమ్మె చేశారు. వాళ్లు నేరుగా సిటీ కౌన్సిల్ ముందుకు వెళ్లి కూర్చున్నారు. మేయర్ హెన్రీ లోబ్ ఒప్పుకోలేదు. వాళ్లకు మద్దతుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అక్కడే హత్యకు గురయ్యాడు. ఏప్రిల్ 16న ఒప్పందం కుదిరింది. దానిని ఆమోదించింది కూడా ఆ నగర కౌన్సిలే. ఆ కౌన్సిల్ మంచిదనో, ఆ నగరం న్యాయమైనదనో నేను చెప్పడం లేదు. తమ జీతాన్ని కాదన్న మనుషులు ఎవరో ఆ కార్మికులకు తెలుసు, వాళ్ల ముందుకు వెళ్లి కూర్చోగలిగారు.

అంత దూరం పోనక్కర్లేదు, ఎమ్మిగనూరు ఉంది. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం స్థాపించారు. నూలు కొనుగోలు, నేత కూలి, బట్టల అమ్మకం ఒకే కప్పు కిందికి వచ్చాయి. సంఘం నేయించిన దుప్పట్లు, తువ్వాళ్లు దేశమంతా వెళ్లాయి, విదేశాలకూ వెళ్లాయి. ఊరి నడిబొడ్డున ఉన్న సోమప్ప సర్కిల్ ఆయన పేరు మీదే. నేను ఎమ్మిగనూరులో పనిచేసినప్పుడు ముసలి నేతపనివాళ్లు సంఘం గురించి చెబుతుంటే విన్నాను. ధర పడిపోయిన ఏళ్లూ, కూలి తక్కువైందని కొట్లాడిన ఏళ్లూ ఉన్నాయట. “కొట్లాడనీకి సర్వసభ్య సమావేశముండె” అన్నాడు ఒకాయన. కూలి తీసుకునేవాడు సంఘంలో సభ్యుడు, సభ్యుడు కాబట్టి లేచి అడగగలడు. సంఘం మంచి రోజులు తగ్గిపోయినా ఆ మాట నాలో మిగిలిపోయింది. మున్సిపాలిటీలో ఊడ్చే మనిషికి కౌన్సిల్ హాల్లో నిలబడి అడిగే హక్కు ఏనాడూ లేదు. తన వార్డు సభ్యురాలి నోటితో అడిగించే దారి ఒకటుండేది. అదీ పోయింది.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో పట్టణాలకు అప్పగించదగిన పద్దెనిమిది పనులు రాశారు. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ అందులో ఉన్నాయి. పని ఊరిదే అయినప్పుడు, ఆ పని చేసే మనుషుల లెక్క ఊరి ముందు ఉండాలి. జీతం మొత్తం కౌన్సిలే నిర్ణయించాలని నేను కోరడం లేదు. అధ్యక్షుల కాలంలో ఏం జరిగిందో చదివినదాన్ని, రాష్ట్రమంతా ఒకే రేటు ఉండడమే కార్మికులకు రక్ష. నేను అడిగేది చిన్న పని, దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ ప్రతి నెలా ఎజెండాలో ఒకటో నంబరు అంశంగా పారిశుద్ధ్య విభాగం జీతాల నివేదిక పెట్టాలి. పనిచేసింది ఎంతమంది, పర్మనెంట్ ఎందరు, ఆప్కాస్ ఎందరు, ఏ తేదీన జీతం పడింది, పీఎఫ్, ఈఎస్‌ఐ ఏ నెల దాకా జమ అయ్యాయి, చేతితొడుగులు, బూట్లు, సబ్బు, నూనె ఇచ్చారా లేదా. దాని పక్కనే ఆ నెల వసూలైన ఇంటి పన్ను. నాలుగు వాక్యాల ఆఫీసు నోటు చాలు. హాలు నిండుగా ఉండగానే, నీళ్ల మీద చర్చ మొదలవకముందే దాన్ని చదివి వినిపించాలి. తీర్మానం ప్రతి ఒకటి కార్మికులు హాజరు వేయించుకునే మస్టర్ పాయింటు గోడకు అంటించాలి, చదవలేనివాళ్లకు మేస్త్రీ చదివి చెప్పాలి.